కందిలో వెర్రి తెగులుకు లొంగని రకం: జబ్బు అంటించడం నుంచి విత్తనం దాకా

చేనంతా పసుపుపచ్చగా పూసిన వేళ, మధ్యలో కొన్ని కంది మొక్కలు గుబురుగా, లేత ఆకుపచ్చ రంగులో, ఒక్క పువ్వు కూడా లేకుండా నిలబడి ఉంటాయి. దూరం నుంచి చూస్తే ఏపుగా పెరిగినట్టే కనిపిస్తాయి. దగ్గరికెళ్ళి ఆకు పట్టుకుంటే తెలుస్తుంది: ఆకులు చిన్నవి, వాటిమీద లేత పచ్చ, ముదురు పచ్చ మచ్చలు కలగలిసిపోయి ఉంటాయి. ఇదే వెర్రి తెగులు. గొడ్డుమోతు తెగులనీ అంటారు. నాటిన 45 రోజుల లోపు సోకితే ఆ మొక్క నుంచి గింజ మీద ఆశ వదులుకోవాల్సిందే. సోకిన మొక్కను బాగు చేసే మందు లేదు. వైరస్‌ను మోసుకొచ్చే నల్లి మీద మందు కొట్టొచ్చు గానీ, కంటికి కనపడని నల్లి గాలిలో ఎప్పుడొచ్చి వాలుతుందో రైతుకు తెలియదు. అందుకే తట్టుకునే రకం ఒక్కటే నమ్మదగిన దారి.

ఈ పని మొదలుపెట్టేవాళ్ళు ఎక్కువగా సంకరం చేయడమే కష్టమని భయపడతారు. మొగ్గ విప్పి కేసరాలు తీయడం పది రోజుల్లో చేతికి అలవాటైపోతుంది. అసలు కష్టం జబ్బు అంటించడంలో ఉంది. ప్రతి మొక్కకూ, ఒకే వయసులో, తప్పకుండా అంటించాలి. అలా అంటించకుండా ఏరిన మొక్క నిజంగా తట్టుకున్నదో, నల్లి వాలక తప్పించుకున్నదో చెప్పడానికి ఏ ఆధారమూ ఉండదు. తప్పించుకున్న మొక్కల మీద ఐదారేళ్ళు ఖర్చు పెట్టి, చివరికి రైతు పొలంలో రకం పడిపోవడం ఈ రంగంలో అన్నిటికంటే పెద్ద నష్టం.

వైరస్, నల్లి: పనికి కావలసినంత

ఈ తెగులును 1931లో బిహార్‌లోని పూసా నుంచి మొదటిసారి నమోదు చేశారు. కారణమైన వైరస్ మాత్రం దశాబ్దాల పాటు చేతికి చిక్కలేదు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ (అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ), స్కాట్లాండ్ శాస్త్రవేత్తలు కలిసి 2000 ప్రాంతంలో దాన్ని పట్టుకున్నారు. ఇది ఎమారావైరస్ జాతిది. ఇప్పటికి కందిలో ఇలాంటివి రెండు తెలుసు. రెండోదానికి పెట్టిన శాస్త్రీయ నామం ఎమారావైరస్ తూర్దాలి, మన తూర్ దాల్ పేరే.

దీన్ని మోసేది అసేరియా కజాని అనే ఎరియోఫిడ్ నల్లి. పొడవు మిల్లీమీటరులో ఐదో వంతు. కదురులా సన్నగా, రెండే జతల కాళ్ళతో, ఆకు అడుగున ఉంటుంది. కంది, దాని అడవి బంధువుల మీద తప్ప దాదాపు మరెక్కడా బతకదు. జబ్బు మొక్క మీద పావుగంట రసం పీలిస్తే వైరస్ ఎక్కుతుంది. మంచి మొక్క మీద గంటన్నర పీలిస్తే దిగుతుంది. ఒక్క నల్లి కూడా జబ్బు పెట్టగలదు, కానీ సగం మొక్కల్లోనే. ఐదు నల్లులు పడితే దాదాపు ప్రతి మొక్కకూ వస్తుంది. విత్తనం ద్వారా ఈ వైరస్ రాదు. జబ్బు ఆకు రసం తీసి కంది ఆకుకు రుద్దినా అంటదు. కాబట్టి పరీక్ష చేయాలంటే నల్లిని మోసుకెళ్ళి వదలాలి, లేదా అంటు కట్టాలి. మూడో దారి లేదు.

లక్షణాలు మూడు రకాలుగా కనిపిస్తాయి. మొదటిది తీవ్ర మొజాయిక్ (ఆకు మీద లేత, ముదురు పచ్చ మచ్చలు కలగలిసి ఉండడం), మొక్క పూర్తిగా గొడ్డుపోతుంది. రెండోది తేలిక మొజాయిక్, కొన్ని కొమ్మలు పూస్తాయి, కొన్ని పూయవు. మూడోది వలయ మచ్చలు: ఆకు మీద పచ్చని చుక్క, దాని చుట్టూ పాలిపోయిన వలయం. ఈ మూడోది మొక్క ముదిరేకొద్దీ మాయమైపోతుంది. పూత వేళ ఒక్కసారే చూసి లెక్క రాసేవాళ్ళు దీన్ని ఆరోగ్యమైన మొక్కగా రాసేస్తారు. అందుకే 30 రోజులకు, 60 రోజులకు, మళ్ళీ పూతలో, మూడు సార్లు చూడాలి.

జబ్బును పెంచి పోషించడం

ముందు జబ్బు ఆకు నిల్వ కావాలి. దీనికి ఐసీపీ 8863, అంటే మారుతి రకం, బాగా పనికొస్తుంది. ఎండు తెగులును గట్టిగా తట్టుకునే ఈ రకం వెర్రి తెగులుకు మాత్రం ఇట్టే లొంగిపోతుంది. ఎండు తెగులుతో చావదు కాబట్టి జబ్బు నిల్వకు ఇంతకంటే అనువైనది ఉండదు. నెలా నెలన్నరకు ఒకసారి కొత్త కుండీల్లో విత్తి, పాత కుండీల నుంచి జబ్బు అంటిస్తూ పోవాలి. ముదిరిన ఆకు మీద నల్లులు తగ్గిపోతాయి, లేత ఆకులే వాటికి ఇష్టం.

మన దగ్గర ఈ నిల్వ చచ్చిపోయేది ఏప్రిల్, మే నెలల్లో. నలభై డిగ్రీలు దాటిన వడగాడ్పులకు నల్లి నిలవదు. నీడ వల కింద, కుండీల చుట్టూ నేల తడిపి ఉంచితే ఆ రెండు నెలలూ గట్టెక్కుతాయి. గంధకం, నల్లి మందులు ఆ దరిదాపుల్లో కొట్టకూడదు. పక్క మడిలో బూడిద తెగులుకని కొట్టిన గంధకం గాలికి తేలి వచ్చి నిల్వ మొత్తం తుడిచిపెట్టగలదు.

జబ్బు ఆకు ఉంటే చాలదు, దాని మీద నల్లి ఉండాలి. ఆకు పసుపు మచ్చలతో నిండుగా కనిపిస్తున్నా అడుగున ఒక్క నల్లి లేకపోవచ్చు. కోసిన ఆకుల్లో పదింటిని మైక్రోస్కోపు కింద పెట్టి చూడండి. జేబులో పెట్టుకునే మామూలు భూతద్దానికి ఇవి అందవు. నలభై రెట్లు పెద్దగా చూపించేది ఉంటే పాలిపోయిన దారప్పోగుల్లా మెల్లగా కదులుతూ కనిపిస్తాయి. ఆకుకు ఐదుకు తక్కువ ఉంటే ఆ మొక్కను వదిలి మరో మొక్క ఆకు కోయండి.

ఆకుకు ఆకు కలిపి పిన్ను కొట్టడం

ఈ పద్ధతి 1970ల నుంచి ఇక్రిశాట్‌లో వాడుతున్నదే. ఖర్చు లేదు, పెద్ద పరికరాలు అక్కర్లేదు. కాగితాలకు కొట్టే చిన్న స్టేప్లరు, నంబర్ 10 పిన్నులు చాలు.

పరీక్షించే విత్తనాలన్నీ ఒకే రోజు విత్తాలి. కంది మొలక మొదట రెండు ఒంటి ఆకులు ఎదురెదురుగా వేస్తుంది, మూడు రెక్కల ఆకులు ఆ తర్వాత వస్తాయి. పిన్ను కొట్టాల్సింది ఆ రెండు ఒంటి ఆకులకే, విత్తిన 10 నుంచి 12 రోజుల మధ్య. 15 రోజులు దాటితే ఆకు గట్టిపడుతుంది, మొక్క ముదురుతుంది. జబ్బు ఆలస్యంగా వస్తుంది, లెక్క నమ్మదగినదిగా ఉండదు.

ఉదయం చల్లగా ఉన్నప్పుడు జబ్బు మొక్క నుంచి లేత ఆకులు కోయండి. తడిపి పిండిన గుడ్డ మీద పరిచి, నీడలో, గాలి ఆడే బుట్టలో మోయండి. పాలిథీన్ సంచిలో కట్టి ఎండలో పెడితే అరగంటలో ఆకు ఉడికిపోతుంది, నల్లి చచ్చిపోతుంది. నర్సరీ పరీక్షలు విఫలమవడానికి తరచు కనిపించే కారణం ఇదే.

ఇప్పుడు ఒక జబ్బు రెక్కను తీసుకుని, అడుగు భాగం లోపలికి వచ్చేలా మధ్యకు మడవండి. ఆ మడత మధ్యలో మొలక ఒంటి ఆకును ఉంచండి. అప్పుడు జబ్బు ఆకు అడుగు భాగం మంచి ఆకుకు పైనా కిందా రెండు వైపులా తాకుతుంది. నల్లి ఉండేది అడుగునే కనుక ఇది ముఖ్యం. తిరగేసి మడిస్తే నల్లి బయటి వైపు ఉండిపోయి, గాలికి ఎటో పోతుంది. మధ్య ఈనెకు తగలకుండా, ఆకు అంచు దగ్గర పిన్ను కొట్టండి. ఈనె తెగితే ఆకు రెండు రోజుల్లో రాలిపోతుంది, నల్లి పీల్చే సమయం దొరకదు. రెండు ఒంటి ఆకులకూ ఒక్కొక్కటి కొడితే ఒకటి విఫలమైనా రెండోది ఆదుకుంటుంది.

పిన్ను కొట్టిన జబ్బు ఆకు ఒకటి రెండు రోజుల్లో వాడిపోతుంది. వాడే ఆకు వదిలి నల్లి పక్కనున్న తాజా ఆకు మీదికి చేరుతుంది. పని అంతా ఆ వాడడంలోనే ఉంది. ఆ రెండు రోజులూ పై నుంచి నీళ్ళు చల్లకూడదు, మొక్క మొదలు దగ్గరే పోయాలి. గట్టి వాన పడితే మర్నాడు మళ్ళీ కొత్త ఆకులతో కొట్టాలి. రెండు మూడు వారాలకు కొత్తగా వచ్చే మూడు రెక్కల ఆకుల్లో ఈనెలు పాలిపోవడం, తర్వాత మొజాయిక్ కనిపిస్తాయి. అప్పటికి పిన్ను కొట్టిన ఆకులు రాలిపోయినా పర్వాలేదు.

ప్రతి పరీక్షలోనూ కొన్ని సాళ్ళు ఐసీపీ 8863 ఉండి తీరాలి. వాటిలో కనీసం 90 శాతం మొక్కలకైనా జబ్బు రాకపోతే ఆ పరీక్ష మొత్తం పక్కన పడేయండి. అందులో బాగా కనిపించిన వరుసలను (పరీక్షకు పెట్టిన రకాలను) కూడా నమ్మకండి. ఇక్కడ జాలి పడినవాళ్ళు తర్వాత బాధపడతారు.

పొలంలో వేల మొక్కలు పరీక్షించాలంటే అన్నిటికీ పిన్ను కొట్టడం కూలీలతో అయ్యే పని కాదు. అప్పుడు జబ్బు కంచె పెంచుతారు. నైరుతి గాలి వచ్చే పడమటి గట్టు వెంట, పరీక్ష పంట కంటే మూడు నాలుగు నెలల ముందు, లొంగే రకాన్ని నాలుగు సాళ్ళు విత్తి, మొలకలకు పిన్ను కొట్టి జబ్బు పెట్టాలి. జూన్, జూలైలో పరీక్ష పంట విత్తేనాటికి ఆ కంచె నిండా నల్లి ఉంటుంది, గాలి దాన్ని పొలమంతా చల్లుతుంది. కంచెకు దూరమయ్యే కొద్దీ జబ్బు పలచబడుతుంది కాబట్టి ప్రతి పది సాళ్ళకు ఒక లొంగే సాలు మధ్యలో వేయండి. ఆ సాలులో జబ్బు ఎంతుందో చూస్తే దాని ఇరువైపులా ఉన్న సాళ్ళను ఎంత నమ్మవచ్చో తెలుస్తుంది.

తల్లిదండ్రుల ఎంపిక

నిరోధకతకు మన ప్రాంతంలో ముందు గుర్తొచ్చేది ఐసీపీఎల్ 87119, ఆశ. 1993లో విడుదలైంది, ఎండు తెగులునూ వెర్రి తెగులునూ కలిపి తట్టుకునే రకంగా పేరు తెచ్చుకుంది. కంది జన్యుపటాన్ని మొదట తయారు చేసింది కూడా ఈ రకం మీదే. మహారాష్ట్రలోని బద్నాపూర్ నుంచి వచ్చిన బీఎస్ఎంఆర్ 736, బీఎస్ఎంఆర్ 853 కూడా ఈ పనికి వాడతారు.

కానీ ఒక్క ఊరి జబ్బును చూసి తండ్రిని ఎంచుకోకండి. పటాన్‌చెరు, బెంగళూరు, కోయంబత్తూరు ప్రాంతాల వైరస్ ఒకటి కాదు. బెంగళూరుది మరీ తీవ్రం, పటాన్‌చెరులో నిలిచిన వరుసలు అక్కడ పడిపోవడం మామూలే. ఈ మూడింటికీ నిలబడినవి తక్కువ. వాటిలో ఐసీపీ 7035 ఒకటి. మధ్యప్రదేశ్ నుంచి సేకరించిన ఈ నాటు రకానికి గింజ పెద్దది, ఊదా రంగు, పచ్చిగా తింటే తియ్యగా ఉంటుంది. పప్పు మిల్లుకు ఆ రంగు గింజ పనికిరాదు. దీన్ని వాడితే రంగును వదిలించుకోవడానికి మరో రెండు తరాల పని అదనంగా పడుతుందని ముందే లెక్కలో వేసుకోండి.

రెండో వైపు ఆ ప్రాంత రైతు ఇష్టపడే రకం ఉండాలి. గింజ సైజు, పంట కాలం, కొమ్మల తీరు అన్నీ రైతుకు నచ్చి, ఈ జబ్బు ఒక్కటే లోపమైన రకం. దిగుబడి తక్కువైన రెండు నిరోధక రకాలను కలిపి అద్భుతం ఆశించడం వృథా.

సంకరం

సంకరం జరిగిందో లేదో తేల్చే గుర్తు ముందే చూసుకోండి. ఊదా కాండం రంగు పచ్చ కాండం మీద పైచేయి చేస్తుంది. పచ్చ కాండం ఉన్నదాన్ని తల్లిగా, ఊదా కాండం ఉన్నదాన్ని తండ్రిగా పెట్టుకుంటే, వచ్చిన మొక్కల్లో పచ్చ కాండం ఉన్నవన్నీ స్వపరాగంతో పుట్టినవని చూడగానే తీసేయవచ్చు.

కంది పువ్వు విచ్చుకోకముందే కేసరాలు పగిలి మొగ్గలోనే పుప్పొడి రాలుతుంది. కాబట్టి మొగ్గ పూర్తి సైజులో మూడింట రెండు వంతులకు వచ్చినప్పుడే చేయి వేయాలి. ఉదయం పని. ఎడమ చేతి బొటనవేలు, చూపుడు వేళ్ళ మధ్య మొగ్గను మెత్తగా పట్టుకుని, సన్నని ఫోర్సెప్స్ మొనతో పై రెక్కను విప్పి, లోపలి పడవలాంటి రెక్కను చీల్చండి. కేసరాలు పది ఉంటాయి: తొమ్మిది ఒక గొట్టంలా అతుక్కుని, ఒకటి విడిగా. పదీ లెక్కపెట్టి తీయండి. ఆ విడి కేసరమే తరచు లోపల మిగిలిపోతుంది. పుప్పొడి తిత్తులు ఇంకా గట్టిగా, పచ్చని పసుపులో ఉండాలి. ఫోర్సెప్స్‌కు పసుపు పొడి అంటిందంటే ఆలస్యమైనట్టే. ఆ మొగ్గను తుంచి పడేసి, మొనను స్పిరిట్‌లో ముంచి తుడిచి తర్వాతి మొగ్గకు వెళ్ళండి. కీలాన్ని లాగినా, వంచినా ఆ మొగ్గ ఇక కాయ కట్టదు.

కేసరాలు తీసిన వెంటనే పుప్పొడి వేయవచ్చు, మర్నాటిదాకా ఆగక్కర్లేదు. తండ్రి మొక్క నుంచి ఆ ఉదయమే విచ్చిన పువ్వు తెచ్చి, పడవ రెక్కను వెనక్కి నొక్కితే పుప్పొడి అంటిన కేసరాలు బయటికి వస్తాయి. వాటిని తల్లి కీలాగ్రానికి మెత్తగా తాకించండి. ఒక పువ్వు మూడు నాలుగు మొగ్గలకు సరిపోతుంది. కాడకు రంగు దారం కట్టి, ఆ గెలలో మిగిలిన మొగ్గలు, పూలు, పిందెలు అన్నీ తీసేయండి. వాటిని ఉంచితే మొక్క బలం అటు పోయి మీ మొగ్గ రాలుతుంది. ఒక్కో సంకరానికి ఒక్కో రంగు దారం వాడితే కోతప్పుడు గందరగోళం ఉండదు.

పట్టనివి నాలుగైదు రోజుల్లో రాలిపోతాయి. వందకు పదిహేను, ఇరవై నిలిస్తే బాగా చేసినట్టే. మబ్బు పట్టిన రోజుల్లో అదీ ఉండదు. పుప్పొడి పడిన 40, 45 రోజులకు కాయ ముదురుతుంది, ఒక్కో కాయలో మూడు నాలుగు గింజలు వస్తాయి.

ఎఫ్1: జబ్బు పెట్టకూడని చోటు

చాలా సంకరాల్లో నిరోధకత అంతర్గతంగా ఉంటుంది. అంటే లొంగే గుణమే పైచేయి, ఎఫ్1 మొక్కలకు, అంటే సంకరం గింజ నుంచి వచ్చిన మొదటి తరానికి, జబ్బు వస్తుంది. ఈ జబ్బు వచ్చిన మొక్క గొడ్డుపోతుంది, గింజ ఇవ్వదు. ఎఫ్1 మొక్కలన్నిటికీ పిన్ను కొట్టి, అన్నీ గొడ్డుపోయి, ఏడాది పని మట్టిలో కలవడం ఎంత తేలికో ఇక్కడ అర్థమవుతుంది.

కాబట్టి ఎఫ్1 గింజలను రెండు భాగాలు చేయండి. ఐదారు గింజలను కుండీల్లో విత్తి పిన్ను కొట్టి, నిరోధకత బహిర్గతమో అంతర్గతమో తెలుసుకోండి. మిగిలిన వాటిని జబ్బు మడికి దూరంగా, గాలికి ఎదురు దిక్కున, సన్నని వల కింద పెంచండి. లీటరు నీటికి 3 గ్రాముల చొప్పున నీటిలో కరిగే గంధకాన్ని పదిహేను రోజులకు ఒకసారి కొట్టండి. జబ్బు నిల్వ దగ్గర శత్రువైన గంధకం ఇక్కడ రక్షణ. పది ఎఫ్1 మొక్కలు చాలు, ఎఫ్2కు, అంటే వాటి సొంత గింజతో వచ్చే రెండో తరానికి, కావలసిన గింజ వస్తుంది.

తేనెటీగలు రాకుండా వల తప్పనిసరి. కంది సొంతంగా కాయ కట్టే పంటే అయినా తేనెటీగలు ఒక మొక్క పుప్పొడిని మరో మొక్కకు మోస్తాయి. ఇది ఒక్కోచోట 20 శాతం నుంచి 70 శాతం దాకా ఉంటుంది. మినుము, పెసరలో పని చేసి వచ్చినవాళ్ళు ఎక్కువగా ఇక్కడే దెబ్బ తింటారు. వల లేకపోతే కొమ్మకు పలుచని బట్ట సంచి కట్టండి. కట్టే ముందు ఆ కొమ్మ మీద విచ్చిన పూలు, పిందెలు తీసేయాలి.

ఎఫ్2: లెక్క, దాని వెనక దాగిన తప్పు

ఎఫ్2లో కనీసం 500 మొక్కలు, పక్కన ఇద్దరు తల్లిదండ్రులు, ఐసీపీ 8863 సాళ్ళు. అన్నిటికీ పిన్ను. 60 రోజులకు లెక్కించండి.

ఒకే అంతర్గత జన్యువు పని చేస్తుంటే 3 జబ్బువి, 1 మంచిది అనే నిష్పత్తి రావాలి. ఉదాహరణకు 240 మొక్కల్లో 171 జబ్బుపడి, 69 నిలిచాయనుకోండి. రావలసింది 180, 60. తేడా 9. దాని వర్గం 81. 81ని 180తో భాగిస్తే 0.45, 60తో భాగిస్తే 1.35, కలిపితే 1.80. కై-స్క్వేర్ (వచ్చిన లెక్క అనుకున్న నిష్పత్తికి సరిపోతుందో తేల్చే పరీక్ష) పట్టికలో హద్దు 3.84. దానికి లోపలే ఉంది కాబట్టి 3:1 అని ఒప్పుకోవచ్చు. రెండు జన్యువులూ అంతర్గతంగా ఉంటేనే నిలిచే సంకరాల్లో 15:1 వస్తుంది, పదహారింటిలో ఒక్కటే నిలుస్తుంది. అప్పుడు 30 నిరోధక మొక్కలు చేతికి రావాలంటే 480 ఎఫ్2 మొక్కలు కావాలి. 500 అనడం ఇందుకే.

ఇప్పుడు దాగిన తప్పు. లొంగే సాలులో 90 శాతానికే జబ్బు వచ్చిందనుకోండి. మంచి పరీక్షే. 200 ఎఫ్2 మొక్కల్లో నిజంగా నిరోధకమైనవి 50, లొంగేవి 150. ఆ 150లో పది శాతం, అంటే 15 మొక్కలు తప్పించుకుంటాయి. మీ కళ్ళకు ఆరోగ్యంగా కనిపించేవి 65, అందులో 15 నకిలీ. దాదాపు నాలుగింట ఒకటి. జబ్బు 70 శాతమే వచ్చి ఉంటే నకిలీలు 45, ఎంచుకున్న వాటిలో సగానికి దగ్గర. కాబట్టి నిలిచిన మొక్కలకు 30 రోజుల లెక్క తర్వాత లేత ఆకుల మీద రెండోసారి పిన్ను కొట్టండి. వీలుంటే అనుమానం ఉన్నవాటి ఆకును, లోపల వైరస్ ఉందో లేదో తేల్చే ఎలైజా లేదా ఆర్‌టీ-పీసీఆర్ పరీక్షకు పంపండి. లక్షణం లేకుండా లోపల వైరస్ మోసే మొక్కలు ఉంటాయి, వాటిని నిరోధక తల్లిగా వాడకూడదు.

పాత పంట మోళ్ళు, గట్ల మీద వాటంతట అవే మొలిచిన కంది ఉన్నాయేమో కూడా చూసుకోండి. అవి జబ్బును పొలంలోకి ముందే దింపేస్తాయి. అలా వచ్చిన జబ్బు అన్ని మొక్కలకూ ఒకే వయసులో రాదు.

ఎఫ్3 నుంచి ముందుకు

నిలిచిన ప్రతి ఎఫ్2 మొక్క గింజను విడిగా కోసి, 40 గింజలతో ఒక్కో సాలు విత్తి మళ్ళీ పిన్ను కొట్టాలి. నిరోధకత అంతర్గతమైతే నిజమైన మొక్క సంతానమంతా నిలుస్తుంది, నకిలీ సంతానం బయటపడుతుంది. బహిర్గతమైతే నిలిచిన ఎఫ్2ల్లో మూడింట రెండు లోపల మిశ్రమంగా ఉంటాయి, వాటి సాళ్ళలో పావు వంతు జబ్బుపడతాయి. ఒక్క మొక్కకూ జబ్బు రాని సాళ్ళనే ఉంచండి. ఎఫ్3 సాలు చెప్పే తీర్పు ఎఫ్2 మొక్క చెప్పేదానికంటే ఎన్నో రెట్లు నమ్మదగినది. ఎఫ్2లో దిగుబడి చూసి మురిసిపోవడం మానేసి ఎఫ్3 కోసం ఆగడం మంచిది.

ఎఫ్3 నుంచి సగం గింజను ఎండు తెగులు మడిలో కూడా విత్తండి. వెర్రి తెగులును తట్టుకుని ఎండు తెగులుతో చచ్చే రకం నల్లరేగడి రైతుకు ఏ ఉపయోగమూ లేదు. రెండు పరీక్షలూ ఒకే మడిలో చేస్తే, ఎండిపోయిన మొక్కకు అంతకుముందు మొజాయిక్ ఉందో లేదో వారం వారం రాసి పెట్టాలి. లేకపోతే చనిపోయిన మొక్కలు లెక్క నుంచి జారిపోయి, జబ్బు శాతం తక్కువగా కనిపిస్తుంది.

మధ్యకాలిక రకాల్లో ఏడాదికి ఒకే తరం వస్తుంది. ఎఫ్4, ఎఫ్5ల్లో గింజ రంగు, సైజు, కాయల సంఖ్య, పంట కాలం చూసి ఏరండి. ప్రతి తరంలోనూ సంచి కట్టిన గింజే ముందుకు పోవాలి. ఎఫ్6కు వరుస స్థిరపడుతుంది. అప్పుడు 10 శాతం లోపు జబ్బు ఉన్నవాటిని నిరోధకమని రాసుకోండి. 20 దాటితే దిగుబడి ఎంత ఉన్నా వదిలేయండి.

ఒక్క జబ్బు తప్ప అన్నీ నచ్చిన రకం చేతిలో ఉంటే వెనక్కి సంకరం చేయడం, అంటే వచ్చిన మొక్కలను మళ్ళీ మళ్ళీ ఆ పాత రకంతోనే కలపడం, మేలు. మూడుసార్లు చేస్తే పాత రకం గుణం 93.75 శాతానికి చేరుతుంది. నిరోధకత అంతర్గతమైనప్పుడు వెనక్కి చేసిన మొక్కలన్నీ లొంగేవిగానే కనిపిస్తాయి. వాటిలో సగం మాత్రమే మనకు కావలసిన జన్యువును దాచుకుని ఉంటాయి. ఏడు మొక్కలు తీసుకుంటే కనీసం ఒకదానిలో ఉండే అవకాశం 99 శాతం దాటుతుంది. అయినా ఇరవై పెట్టుకోండి, కొన్ని చస్తాయి, కొన్ని సంకరం కాకపోవచ్చు. ఇక్కడా ఆ మొక్కలకు పిన్ను కొట్టకూడదు. ఒక్కోదాన్నీ వల కింద పాత రకంతో సంకరం చేస్తూనే, దాని సొంత గింజ కొంత తీసి, ఆ సంతానానికి పిన్ను కొట్టి, ఎవరిలో జన్యువు దాగి ఉందో తెలుసుకోవాలి. డీఎన్ఏ మార్కరు, అంటే ఆ జన్యువు ఉందో లేదో చూపే గుర్తు, ఉంటే ఈ చుట్టు ప్రయాణం తప్పుతుంది. అయితే ఒక సంకరంలో పని చేసిన మార్కరు మీ సంకరంలోనూ పని చేస్తుందని ముందు మీ ఎఫ్2 మీదే రుజువు చేసుకోండి.

స్థిరపడిన వరుసలను దిగుబడి పరీక్షకు పెట్టే ఏడాదే బెంగళూరు లాంటి తీవ్రమైన చోటికీ విత్తనం పంపండి. అఖిల భారత సమన్వయ పథకం కింద జరిగే పరీక్షల్లో ఎలాగూ వెళ్తుంది. కానీ అక్కడ పడిపోయాక తెలుసుకోవడం కంటే ముందే తెలుసుకుంటే రెండేళ్ళు మిగులుతాయి.

రకం వచ్చాక తేనెటీగ దాన్ని పాడు చేయకుండా చూసుకోవాలి. మూల విత్తనాన్ని ఇతర కందికి కనీసం 200 మీటర్ల దూరంలో, లేదా వల కింద పెంచండి. ప్రతి సంవత్సరం ఆ విత్తనం నుంచి 200 గింజలు తీసి ట్రేలలో విత్తి, పన్నెండో రోజున పిన్ను కొట్టండి. ఆ ట్రేలో నాలుగైదు మొక్కలు మొజాయిక్ చూపిస్తే, ఆ ఏడాది విత్తనాన్ని పంచకుండా ఆపి, గింజ ఏ సాలు నుంచి, ఏ సంచి నుంచి వచ్చిందో వెనక్కి వెళ్ళి వెతకండి.